వెన్నులో మత్తుతో రొమ్ము ఆపరేషన్: నా అనుభవం

నాకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. ఎడమ రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలాక, పూర్తి మత్తు నా ఊపిరితిత్తులకు మంచిది కాదని మత్తు డాక్టరమ్మ థొరాసిక్ ఎపిడ్యూరల్ ఇద్దామన్నారు. కాన్పు నొప్పులకు నడుములో వేసే సూది లాంటిదే, కానీ వేసేది భుజాల రెక్కల మధ్య. అంత పైన లోపల వెన్నుపామే ఉంటుంది. అందుకే నిద్రపుచ్చకుండా, "చేతిలోకో పక్కలోకో కరెంటు కొట్టినట్టు జివ్వుమంటే కదలకుండా నోటితో చెప్పమ్మా" అన్నారు. రక్తం పలచబడే మందులేమైనా వాడుతున్నానా అని గుచ్చి గుచ్చి అడిగారు. ఆ మందులు వాడేవాళ్లకు సూది వేసిన చోట లోపల రక్తం కారి, గడ్డకట్టి వెన్నుపామును నొక్కే ప్రమాదం ఎక్కువట.

ఆపరేషన్ ఇబ్బంది లేకుండా అయింది. వార్డుకి తెచ్చాక మా చెల్లి నా ముఖంలోకి చూసి, "అక్కా, ఆ కన్ను అలా మూసుకుపోతోందేంటే!" అంది. ఎడమ రెప్ప వాలిపోయింది, కంటిపాప చిన్నదైంది, ఆ చేతి వేళ్లలో పట్టు లేదు. పక్షవాతమేనని చెల్లి ఏడుపు మొదలుపెట్టింది. నాకూ గుండె జారిపోయింది.

డాక్టరమ్మ వెంటనే వచ్చి వెన్నులోకి మత్తుమందు ఎక్కిస్తున్న పంపు ఆపించారు. కంటికి వెళ్లే సింపథెటిక్ నరాలు (రెప్పను ఎత్తడానికి, కంటిపాపను పెద్దది చేయడానికి తోడ్పడేవి) ఛాతీ పైభాగంలోనే వెన్నుపాము నుంచి బయల్దేరతాయని, మందు అక్కడిదాకా పాకితే ఇలా అవుతుందని, దీన్ని హార్నర్ సిండ్రోమ్ అంటారని చెప్పారు. ఆవిడ అంతటితో వెళ్లిపోలేదు, అది నాకు చాలా నచ్చింది. కాళ్లతో తన చేతిని తన్నించుకుని చూశారు. కాళ్లు బలహీనపడినా, వెన్నులో కొత్తగా నొప్పి మొదలైనా ఏ వేళనైనా పిలవమని, అప్పుడు తెల్లారేదాకా ఆగకుండా ఎమ్మారై తీయాలని నర్సుకి రాసిచ్చారు. గడ్డకట్టిన రక్తమైతే గంటల్లోనే తీసేయాలట. రాత్రికి నా రెప్ప లేచింది, వేళ్లకు పట్టు వచ్చింది.

మోచేతికి పైన, లోపలివైపు మొద్దుబారినది మాత్రం పోలేదు. ఇంట్లో అందరూ సూదినే తిట్టారు. చంకలో గ్రంథులు తీసేటప్పుడు ఇంటర్‌కోస్టోబ్రాకియల్ అనే నరం దెబ్బతిందని, మత్తుకూ దానికీ సంబంధం లేదని సర్జన్ గారు వివరించారు. మందు దిగిపోయాక కూడా తిమ్మిరి మిగిలితే, అది ఎక్కడుందో వేలుపెట్టి చూపించి అడగండి. మంటకు రాత్రిపూట చిన్న మాత్ర ఇచ్చారు, చేయి కదిలించే వ్యాయామాలు నేర్పారు. ఆ చోట వేడి ఇప్పటికీ సరిగా తెలియదు. స్నానం నీళ్లు కుడిచేత్తోనే చూసుకుంటున్నాను.