ఎయిర్ ట్రాక్ లెక్కలు: ముందు ద్రవ్యరాశి కేంద్రం

ఈ నెల నోట్సు నిండా గ్లైడర్లే, అంటే ఎయిర్ ట్రాక్ మీద జారే చిన్న బండ్లే. ఎయిర్ ట్రాక్ అంటే సన్న రంధ్రాలున్న బోలు గొట్టం. బ్లోయర్ గాలి ఆ రంధ్రాల్లోంచి పైకి తన్నుతుంటే గ్లైడర్ తేలుతూ పోతుంది. ఘర్షణ దాదాపు ఉండదు కాబట్టి రెండు గ్లైడర్లు ఢీకొన్నప్పుడు ఏం జరిగిందో లెక్కకు శుభ్రంగా దొరుకుతుంది.

ఇంటర్‌లో చేసినట్టు ద్రవ్యవేగానికో (ద్రవ్యరాశి × వేగం) సమీకరణం, గతిజశక్తికో సమీకరణం రాసుకుంటే వర్గాలతో పేజీ నిండిపోతుంది. ఇప్పుడు ఏ లెక్కైనా ద్రవ్యరాశి కేంద్రం (రెండింటి ద్రవ్యరాశీ ఒకేచోట ఉన్నట్టు లెక్కించే బిందువు) వేగం కట్టాకే మొదలుపెడుతున్నాను.

ఉదాహరణకు, 300 గ్రాముల గ్లైడర్ కుడికి 80 సెం.మీ./సె. వేగంతో వస్తోంది. ఎదురుగా 200 గ్రాములది 45తో వస్తోంది. కుడి ప్లస్, ఎడమ మైనస్ అని పేజీ పైనే బాణం గీసుకోవాలి. మొత్తం ద్రవ్యవేగం 24,000 − 9,000 = 15,000. దాన్ని 500తో భాగిస్తే 30. ఢీకి ముందైనా తర్వాతైనా ద్రవ్యరాశి కేంద్రం ఈ 30తోనే సాగుతుంది. రెండు వేగాల్లోంచీ 30 తీసేస్తే +50, −75. స్ప్రింగు బంపర్లుండి అభిఘాతం (ఢీ) పూర్తిగా స్థితిస్థాపకమైతే, అంటే గతిజశక్తి ఏమీ పోకపోతే, గుర్తులు తిరగేస్తే చాలు: −50, +75. మళ్ళీ 30 కలిపితే −20, +105. ఒక్క వర్గం కూడా రాలేదు!

వెల్క్రోతో అతుక్కుపోతే రెండూ 30తో కదులుతాయి. ప్రత్యావస్థాన గుణకం (దగ్గరయ్యే వేగంలో విడిపోయే వేగం ఎంత వంతో చెప్పే సంఖ్య) 0.6 అయితే −30, +45 వస్తాయి. 30 కలపగానే బరువైన గ్లైడర్ వేగం సున్నా, తేలికది 75. అంత వేగంగా వచ్చిన బరువైనదే ఉన్నచోట ఆగిపోవడం నాకు భలే నచ్చింది. గతిజశక్తి కూడా సరిచూశాను: ముందు 0.11625 జౌళ్ళు, తర్వాత 0.05625.

17వ శతాబ్దంలో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ ఆలోచించిన దారి ఇదే. పడవలో గోళాలను ఢీకొట్టించే మనిషినీ, ఒడ్డు నుంచి చూసే మనిషినీ ఊహించి, ఒకరికి కనిపించే వేగాల నుంచి రెండోవారివి రాబట్టాడు. ఆ రచన ఆయన పోయాక 1703లో అచ్చయింది.

లెక్కలో ఫోటోగేట్ (కాంతి కిరణానికి ఎంతసేపు అడ్డుపడిందో కొలిచే పరికరం) సమయాలిస్తే ఒక జాగ్రత్త: గ్లైడర్ మీది 10 సెం.మీ. ఫ్లాగ్ (పట్టీ) 0.125 సెకన్లు అడ్డుపడితే వేగం 80 అని తెలుస్తుంది గానీ దిశ తెలియదు. ఢీ తర్వాత ఏ గేటు ముందు మూసుకుందో చూసి గుర్తు మనమే పెట్టాలి.

ఇప్పుడు వరసగా మూడు గ్లైడర్ల లెక్క పట్టుకున్నాను, అన్నీ స్థితిస్థాపక అభిఘాతాలే. 90తో వచ్చే 400 గ్రాములది, నిలిచి ఉన్న 100 గ్రాములదాన్ని నేరుగా కొడితే అది 144తో వెళ్తుంది. మధ్యలో 200 గ్రాములది పెడితే అది 120 అందుకుని, చివరిదానికి 160 ఇస్తుంది. మధ్యదాని ద్రవ్యరాశి ఆ రెండింటి గుణోత్తర మధ్యమం (లబ్ధానికి వర్గమూలం) అయినప్పుడే ఈ లాభం గరిష్ఠం. అవకలనంతో నిరూపణ రాశాను. తర్వాతది, మధ్యలో రెండు గ్లైడర్లు పెట్టి చూడటం.