రెండు ముద్దల రాత్రి

తిత్లీ తుఫాను పేరెత్తితే మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎవరైనా కూలిన కొబ్బరిచెట్ల లెక్కే చెబుతారు. మా నాన్నా అంతే. నాకు మాత్రం నోట్లో పంచదార రుచి వస్తుంది. ఇన్నేళ్లకి భయం కాస్త తగ్గింది కాబట్టి రాస్తున్నాను.

నాకు టైప్ 1 షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారవ్వడమే ఆగిపోయే రకం. 2016లో, ఇంటర్ మొదటి సంవత్సరంలో బయటపడింది. నెల రోజుల్లో ఏడు కిలోలు తగ్గిపోయాను. చెంబుల కొద్దీ నీళ్లు తాగినా దాహం తీరేది కాదు. వాంతులు మొదలైతే ఒకరు గ్యాస్ అన్నారు, ఇంకొకరు కామెర్లన్నారు. ఆయాసం వచ్చాక విశాఖ తీసుకెళ్లారు. షుగర్ ఐదు వందలు దాటింది, కీటోన్లు (ఇన్సులిన్ లేక రక్తంలో చేరే ఆమ్లాలు) పెరిగిపోయాయి. నాలుగు రోజులు ఐసీయూ. బతికాను.

నేను చెప్పాల్సింది డిశ్చార్జి రోజు గురించి. చీటీలో ఇన్సులిన్ పొద్దున 18 యూనిట్లు, రాత్రి 12 యూనిట్లు అని రాసి, "అన్నం తగ్గించు, స్వీట్లు మానెయ్" అని డాక్టరు గారు లేచి వెళ్లిపోయారు. రెండు నిమిషాలు పట్టిందేమో. నేనేం తింటానో అడగలేదు. మందు వేసుకున్నాక తినకపోతే ఏమవుతుందో ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన నా ప్రాణం నిలబెట్టారు, చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆ రెండు నిమిషాల మీద కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు.

అది 30/70 మిక్స్ ఇన్సులిన్. అందులో కొంత భాగం త్వరగా పనిచేస్తుంది, మిగతాది గంటల తర్వాత మెల్లగా పుంజుకుంటుంది. ఒకసారి పొడుచుకున్నామంటే ఆకలి ఉన్నా లేకపోయినా వేళకి తినాల్సిందే. ఈ సంగతి నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది.

2018 అక్టోబరు 10. సాయంత్రం నుంచే గాలి. ఏడున్నరకి అలవాటు ప్రకారం 12 యూనిట్లు వేసుకున్నాను. అమ్మ అన్నం, నెత్తళ్ల పులుసు వడ్డించింది. రెండు ముద్దలు తిన్నానో లేదో, వంటపాక మీద రేకు లేచిపోయింది. అన్నం గిన్నె నిండా వాన నీళ్లు. బియ్యం బస్తా, ధాన్యం, కోళ్లు, మామ్మ, అన్నిటినీ లోపలి గదిలోకి చేర్చే హడావుడిలో నేను తినలేదన్న ధ్యాస ఎవరికీ లేదు. నాకే లేదు.

రాత్రి రెండు దాటాక మామ్మ చెయ్యి నా వీపుకి తగిలిందట. "ఓలమ్మా, ఈ గుంటకి ఒళ్లంతా సెమటేటే, ఇటు సూడవే" అని అమ్మని లేపింది. బయట అంత చల్లటి గాలి, నేను మాత్రం చెమటకి తడిసి ముద్దైపోయి ఉన్నాను. నాకు సగమే గుర్తుంది. అమ్మ పిలుస్తోంది, వినిపిస్తోంది, పలకడానికి నోరు రావడం లేదు. టార్చిలైటు వెలుగులో షుగర్ మీటరు 38 చూపించింది. 70కి దిగువన ఉంటేనే ప్రమాదం.

పంచదార డబ్బాలోకి వాన దిగి గడ్డకట్టింది. అమ్మ అట్లకాడతో ఆ గడ్డ పొడిచి, వేలికి అంటుకున్నంత తీసి నా చిగుళ్లకి రాసింది. మళ్లీ పొడిచింది, మళ్లీ రాసింది. "మింగమ్మా, మింగు నాన్నా." కొంచెం మింగగలిగాక అప్పుడు నీళ్లలో కలిపి చెంచాతో పట్టింది. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదని, పక్కకి తిప్పి పడుకోబెట్టాలని మాకు తర్వాతే తెలిసింది. ఆ రాత్రి అమ్మకి ఎలా తోచిందో ఆ స్వామికే తెలియాలి. ఒక్కో చెట్టు కూలుతుంటే నేల అదురుతోంది. అంబులెన్సుకి దారే లేదు. నాన్న గుమ్మం పట్టుకుని అరసవల్లి సూర్యనారాయణస్వామిని పిలుస్తూనే ఉన్నాడు. తెల్లారేసరికి 110.

కరెంటు రావడానికి పది రోజులు దాటింది. కుండలో కుండ పెట్టి, మధ్యలో తడి ఇసుక పోసి అందులో ఇన్సులిన్ దాచాం. పరామర్శకి వచ్చిన ఒక అత్త, "రోజూ చోడంబలి తాగితే షుగర్ పోద్దట, ఈ సూదులెందుకు?" అంది. అమ్మ ఆవిడకి సమాధానం చెప్పలేదు. రాత్రి ఒంటరిగా కూర్చుని ఏడ్చింది. ఒంట్లో ఇన్సులిన్ తయారవ్వడమే ఆగిపోయినవాళ్లకి అంబలి ఎలా తగ్గిస్తుంది? చోడి (రాగి) పిండి కూడా పిండే, దానికీ యూనిట్లు వేసుకోవాల్సిందే.

మరుసటేడు శ్రీకాకుళంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. కూర్చోగానే ఆవిడ, "రోజూ ఏం తింటావమ్మా?" అని అడిగింది. మూడేళ్లలో ఆ ప్రశ్న వినడం అదే మొదటిసారి. నాకు ఏడుపు ఆగలేదు. ఇన్సులిన్ రాకముందు ఈ షుగరున్న పిల్లల్ని పస్తులుంచడమే వైద్యమట, ఆవిడే చెప్పింది. 1922 జనవరిలో టొరంటోలో మొదటి ఇంజెక్షన్ తీసుకున్న లియోనార్డ్ థాంప్సన్‌కి 14 ఏళ్లు, ముప్పై కిలోలు కూడా లేడట. "మందు వచ్చి వందేళ్లు కావస్తోంది, నువ్వింకా పస్తులుండడం దేనికి?" అంది. మిక్స్ మాన్పించి, రోజుకొకసారి వేసుకునేది ఒకటి, తిండికి ముందు వేసుకునేది ఒకటి రాసింది. మొదటిది జ్వరమొచ్చినా, తినకపోయినా మానకూడదని మూడుసార్లు చెప్పింది.

అప్పుడు ఇంట్లో కాటా తెచ్చాం. మా అన్నం హస్తం (గరిటె)తో ఒకసారి తీస్తే 70 గ్రాములు. వండిన అన్నం వంద గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం, అంటే హస్తానికి 20. నాకు 10 గ్రాములకి ఒక యూనిట్, కాబట్టి హస్తానికి రెండు యూనిట్లు. ఈ లెక్క నాది. మీది మీ డాక్టరుతో కూర్చుని తేల్చుకోండి, నాది చూసి వేసుకోకండి. కానీ లెక్క చెప్పని డాక్టరు దగ్గర మాత్రం అడగకుండా లేవకండి. సంచిలో ఎప్పుడూ పంచదార ఉంచుకోండి. షుగర్ పడిపోతే మూడు చెంచాలు తిని, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసుకోండి.

మొన్న రథసప్తమికి అమ్మ పెరట్లో పిడకల మీద పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో స్వామికి పెట్టింది. ఇదివరకు పండగ పూట నా కంచం ముందు కూర్చోవాలంటే అమ్మకి టెన్షన్. ఈసారి గిన్నె కాటా మీద పెట్టి, కళ్లజోడు సర్దుకుని అంకె చదివింది.

"నూటయాభై. పొడుచుకున్నావా?"

"పది నిమిషాలైందమ్మా."

"అయితే తిను."