పని పోయిన చిత్రికలు

బావ పంపిన పాత అల్మరా తలుపు కొన్నాళ్లుగా బెంచీ మీదే పడి ఉంది. పలక చుట్టూ ఉన్న బీడింగులో ఒక పక్క మూరెడు ముక్క ఎప్పుడో ఊడిపోయింది. మిగతా మూడు పక్కలా చెక్కుచెదరలేదు. "కొత్త బీడింగు కొని అతికించెయ్ బావా, అంత ఆలోచన ఎందుకు" అన్నాడు ఫోన్లో. అలా కుదిరితే ఎప్పుడో అయిపోయేది. ఇప్పుడు దొరికే బీడింగుల్లో ఆ వంపు లేదు. పైన సన్నటి మెట్టు, దాని కింద లోపలికి తిరిగిన వంపు, అక్కడి నుంచి బయటికి ఉబ్బిన వంపు. మిషను మీద తీయాలంటే అచ్చంగా ఆ ఆకారానికి కట్టర్ చేయించాలి. మూరెడు ముక్క కోసం అంత తతంగం పెట్టుకోబుద్ధి కాలేదు. సెలవు రోజు కదా అని అటక మీది పెట్టె దింపాను.

పెట్టెలో ఉన్నవన్నీ చిత్రికలే. అలాగని చెక్క నున్నగా చేసే మామూలు చిత్రిక అందులో ఒక్కటీ లేదు. ఒకటి గాడి తీయడానికి, ఒకటి మెట్టు తీయడానికి, ఒకటి వంపు తిప్పడానికి, ఇంకొకటి చెక్కను కావాలనే గరుకు చేయడానికి. ఒక్కో పనికి ఒక్కోటి. ఆ పనులు మిషన్లకు పోయాక ఇవి అటక ఎక్కాయి. చాలామంది వీటిని దుమ్ము దులిపి గోడకు తగిలిస్తారు. నాకు అది నచ్చదు. అలాగని పాతది కాబట్టి గొప్పదనే మాటా ఒప్పుకోను. దేనితో ఇప్పుడు పని జరుగుతుందో, దేనితో జరగదో చూసి తేల్చుకోవాలి.

బీడింగుకి కావలసినవి కర్ర దిమ్మతో చేసిన మోల్డింగు చిత్రికలు, అంటే ఇలా అంచుకి వంపులు తీర్చేవి. ఇవి జంటలుగా ఉంటాయి. ఒకదాని అడుగు లోపలికి గుంటగా ఉంటుంది, రెండోదాని అడుగు బయటికి ఉబ్బి ఉంటుంది. గుంట అడుగున్నది చెక్కను ఉబ్బుగా చేస్తుంది, ఉబ్బు అడుగున్నది చెక్కలో గుంట తీస్తుంది. ఇంగ్లండు పద్ధతిలో పూర్తి సెట్టంటే 18 జంటలు, అంటే 36 చిత్రికలు. జంటలకు వరస నంబర్లుంటాయి; సరి సంఖ్యలవో బేసి సంఖ్యలవో మాత్రమే ఉంటే సగం సెట్టు. ఒక్కోదాని వంపు వృత్తంలో ఆరో వంతు, 60 డిగ్రీలు. ఈ కొన్ని వంపుల్నే కలిపి, విడదీసి, తిరగేసి దాదాపు ఏ మోల్డింగునైనా తీయొచ్చు. కట్టర్ అయితే ఒకే ఆకారం తీస్తుంది, ఇవి ఎన్ని ఆకారాలైనా తీస్తాయి. నా దగ్గరున్నవి వేర్వేరు సెట్లలోంచి చెల్లాచెదురుగా మిగిలినవి. అదృష్టం కొద్దీ ఈ తలుపుకి కావలసిన రెండు వంపులూ ఉన్నాయి.

తలుపు నుంచి ఊడదీసిన చిన్న ముక్క కొసను కాగితం మీద నిలబెట్టి పెన్సిల్‌తో గీసుకున్నాను. ఆ గీతను కొత్త టేకు పట్టీ రెండు కొసలకూ ఎక్కించాను. తర్వాత రిబేటు చిత్రికతో మెట్లు తీశాను. అసలు కిటుకంతా ఇక్కడే. గుండ్రటి అడుగున్న చిత్రికకు గైడు పట్టీ ఏమీ ఉండదు, నేరుగా చెక్క మీద పెడితే అటూ ఇటూ జారుతుంది. ముందుగా మెట్టు తీస్తే రెండు మూలలు మిగులుతాయి. ఆ రెండు మూలల మీద ఆనుకుని చిత్రిక తిన్నగా నడుస్తుంది. మొదట్లో రెండు సన్నటి పొట్టు దారాలు వేరువేరుగా లేస్తాయి. మూలలు అరిగేకొద్దీ అవి వెడల్పవుతాయి. చివరికి రెండూ కలిసి బ్లేడు నిండా ఒకే పొరగా వచ్చాయంటే వంపు పూర్తయినట్టే. కొలబద్ద అక్కర్లేదు. ఉబ్బు వైపుకి మెట్టు బదులు అంచును ఏటవాలుగా చెక్కితే చాలు, గుంట అడుగున్న చిత్రిక ఆ రెండు మూలల్ని పట్టుకుంటుంది.

ఇంకో సంగతి, మామూలు చిత్రికలా ఈ కొస నుంచి ఆ కొసకు తోసుకుంటూ పోకూడదు. దూరపు కొస దగ్గర జానెడు మేర మొదలుపెట్టి, ఒక్కో తోపుకీ కొంచెం కొంచెం వెనక్కి జరుగుతూ రావాలి. ముందే దారి పడిన చోటికి చిత్రిక వెళ్లి చేరుతుంది కాబట్టి పక్కకు తప్పదు.

మధ్యాహ్నం లోపు ముక్క తయారైంది. పాత బీడింగు పక్కన పెట్టి వేలితో తడిమితే అతుకు దగ్గర చిన్న తేడా తగిలింది, గరుకు కాగితంతో సర్దాను. జిగురు పెట్టి క్లాంపులు బిగించి ఆ తలుపు సంగతి అక్కడితో వదిలేశాను.

పెట్టెలో అడుగున ఇనుప చిత్రిక ఒకటుంది, స్టాన్లీ అనే అమెరికా కంపెనీ చేసిన 55 నంబరుది. చూడ్డానికి దీన్ని మించింది లేదు. నికెల్ పూత, స్క్రూలు, కడ్డీలు, పక్కన బ్లేడ్ల డబ్బాలు. 1897లో వచ్చింది, 1962 దాకా తయారైంది. 55 బ్లేడ్లతో వచ్చేది. ఇదొక్కటి ఉంటే చిత్రిక మిల్లే మీ చేతిలో ఉన్నట్టని కంపెనీ ప్రచారం చేసుకుంది. నన్నడిగితే ఆ పెట్టెలో నాకు అన్నిటికంటే తక్కువ పనికొచ్చేది ఇదే. కర్ర మోల్డింగు చిత్రికకు అడుగంతా వంపు ఆకారంలోనే ఉంటుంది. బ్లేడుకి ముందు చెక్కను అదిమిపెట్టి ఉంచుతుంది కాబట్టి పెచ్చులు తక్కువ లేస్తాయి. 55కి అడుగు లేదు, రెండు మూడు సన్నటి ఇనుప పట్టీలే ఆధారం. వాటి మధ్య బ్లేడు గాల్లో ఉన్నట్టే. తిన్నటి నార ఉన్న మెత్తటి చెక్కలో బాగానే నడుస్తుంది. నార ఎదురు తిరిగిందా, పెచ్చులే పెచ్చులు. పైగా సెట్టింగు. ఈ స్క్రూ వదులు చేసి, ఆ పట్టీ జరిపి, బ్లేడు సరిచూసేసరికి కర్ర చిత్రికతో పని సగం అయిపోతుంది. గాడి తీయడానికీ సన్నటి గుండు అంచు తీయడానికీ మాత్రం ఉంచుకోవచ్చు.

దీని తమ్ముడో అన్నో అనదగ్గ 48 నంబరు మాత్రం నాకు ప్రాణం. రెండు పలకల్ని పక్కపక్కనే కూర్చడానికి ఒకదాని అంచున నాలుక, రెండోదాని అంచున గాడి తీస్తాం కదా, ఆ పని కోసమే పుట్టింది. బ్లేడ్లు రెండు, వాటి పక్కన తిరిగే గైడు పట్టీ. పట్టీ ఒకవైపు ఉన్నప్పుడు రెండు బ్లేడ్లూ కోసి మధ్యలో నాలుక మిగుల్చుతాయి. చిన్న పిన్ను లాగి పట్టీని అర చుట్టు తిప్పితే ఒక బ్లేడు దాని వెనక దాక్కుంటుంది, రెండోది గాడి తీస్తుంది. రెండిటికీ కొలత ఒకటే, కాబట్టి కలవకపోవడమనే ప్రశ్నే రాదు. మార్చుకోవాల్సిన సెట్టింగూ దాదాపు లేదు. అల్మరాల వెనక పలకలకి నేను ఇప్పటికీ దీన్నే వాడతాను. నాలుగైదు పలకలకైతే రూటర్‌కి (కట్టర్ గిర్రున తిరుగుతూ గాళ్లూ అంచులూ తీసే కరెంటు మిషను) కట్టర్ బిగించి, ఎత్తు చూసి, చిత్తు ముక్క మీద కోసి సరిచూసుకునే లోపు దీనితో పని పూర్తవుతుంది. నలభై పలకలైతే మటుకు మిషనే మేలు. మన భుజాలు కూడా మనవే కదా.

ఎలక్ట్రిక్ రూటర్ వీటిని తినేసిందని అందరూ అంటారు. నిజమే. అందులో తమాషా ఏమిటంటే, 1929లో రూటర్లు చేసే కార్టర్ కంపెనీని కొన్నది స్టాన్లీయే. ఒక చేత్తో 55 అమ్ముతూ, రెండో చేత్తో దాని ప్రత్యర్థిని అమ్మింది. వ్యాపారం అంటే అదే మరి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇనుముకి కటకట వచ్చినప్పుడు చాలా రకాల చిత్రికల తయారీ ఆగిపోయింది, వాటిలో కొన్ని మళ్లీ రాలేదు. కానీ కథ అక్కడితో అయిపోలేదు. 1981లో థామస్ లీ-నీల్సన్ అమెరికాలో చిత్రికల కంపెనీ మొదలుపెట్టినప్పుడు ముందు చేసింది స్టాన్లీ మానేసిన 95 నంబరు అంచు చిత్రికనే, ఈసారి కంచుతో. పలక అంచును సరిగ్గా లంబకోణంలో చెక్కడానికి అదొక చిన్న ఏర్పాటు. వాడేవాళ్లు ఉన్నారని తేలింది, కంపెనీ నిలబడింది.

భోజనమయ్యాక పాప వర్క్‌షాపులోకి వచ్చి పెట్టెలోంచి ఒకటి తీసింది. "నాన్నా, దీని నోరు పక్కన ఉందేంటి?" అంది. అది నిప్పు పుల్లల చిత్రిక. బ్లేడు బాగా ఏటవాలుగా ఉండి, పొట్టు పైకి రాకుండా పక్కనున్న బెజ్జంలోంచి బయటపడుతుంది. అగ్గిపుల్లలు రాకముందు పొయ్యిలోంచి దీపానికో చుట్టకో నిప్పు అందించుకోవడానికి దీనితో మెలి తిరిగిన చెక్క పుల్లలు చేసుకునేవాళ్లు. 1827లో ఇంగ్లండులో జాన్ వాకర్ గీస్తే వెలిగే అగ్గిపుల్లలు అమ్మకానికి పెట్టాక దీని రోజులు దగ్గరపడ్డాయి. చిత్తు పట్టీ ఒకటి వైస్‌లో బిగించి తోశాను. పాత టెలిఫోను తీగలా బిగుతుగా చుట్టుకుంటూ జానెడు పుల్ల బయటికొచ్చింది. పాప చేసి చూస్తానంది, చేసింది, ఇక ఆపలేదు. ఉత్త ఆటవస్తువేమీ కాదిది. ఒక కొస వెలిగిస్తే నిదానంగా, తిన్నగా మండుతుంది. కట్టెల పొయ్యి రాజేయడానికీ చలిమంటకీ కాగితం కంటే చాలా నయం. పొడిగా ఉన్న మెత్తటి చెక్క, తిన్నటి నార ఉంటే చాలు.

సాయంత్రం పళ్ల చిత్రిక పట్టాను. దీని బ్లేడు వెనక నిలువునా సన్నటి గాళ్లుంటాయి, సానబడితే మొన రంపంలా పళ్లు పళ్లుగా తేలుతుంది. బ్లేడు దాదాపు నిటారుగా నిలబడుతుంది. వెనీర్, అంటే పలచటి చెక్క పొర, అతికించే ముందు కింది చెక్కను చదును చేస్తూనే కాస్త గరుకు చేయడానికి వాడేవాళ్లు. ఇప్పుడు వెనీర్ అతికిన ప్లైవుడ్ షీట్లే దొరుకుతుంటే ఆ పని ఎవరికి కావాలి? నాకు మాత్రం దీనితో వేరే అవసరం పడింది. నార ఇష్టమొచ్చినట్టు మెలికలు తిరిగిన పలక ఒకటుంది, ఏ వైపు నుంచి మామూలు చిత్రిక పట్టినా ఎక్కడో అక్కడ పెచ్చు లేస్తుంది. పళ్ల చిత్రికను మూలకు మూలగా, రెండు దిక్కులా నడిపాను. పొట్టు కాదు, సేమ్యా లాంటి సన్నటి పోగులు రాలాయి. పెచ్చు ఒక్కటీ లేవలేదు. పలక మీద దువ్వెనతో గీసినట్టు గీతలు మిగిలాయి, అవి స్క్రేపర్‌తో గీకితే పోతాయి. సాండర్ (గరుకు కాగితంతో రుద్దే మిషను) పెడితే ఈ పని కాదని కాదు. కానీ ఆ మోత, గది నిండా ఆ ధూళి. చెక్క ధూళి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థే తేల్చింది. పోగులైతే చీపురుతో ఊడ్చేయొచ్చు.

కొన్నిటికి నిజంగానే పని లేదు. తోలు బెల్టు కొసల్ని పలచగా చెక్కే చిత్రిక ఒకటుంది. ఫ్యాక్టరీల్లో ఒకే ఇరుసు మీంచి తోలు బెల్టులతో మిషన్లన్నీ తిరిగే కాలంలో బెల్టు అతుకు వేయడానికి కావాల్సి వచ్చేది. మిషను మిషనుకీ సొంత మోటారు వచ్చాక బెల్టు పోయింది, దాంతో ఇదీ పోయింది. దీనికి లేని పని వెతికి అంటగట్టడం దేనికి? తుప్పు పట్టకుండా నూనె రాసి పెట్టేశాను. పీపాలు చేసేవాళ్ల పొడవాటి చిత్రిక సంగతి వేరు. అది నా దగ్గర లేదు గానీ దాని పద్ధతి రోజూ వాడతాను. దాన్ని నోరు పైకి ఉండేలా వాలుగా నిలబెట్టి చెక్కనే దాని మీద తోసేవాళ్లు. వైస్‌లో బిగించలేనంత చిన్న ముక్కలకి నేను మామూలు చిత్రికనే తిరగేసి వైస్‌లో బిగించి, ముక్కను దాని మీద లాగుతాను. వేళ్లు జాగ్రత్త అంతే.

చివరికి జంట లేని మోల్డింగు చిత్రికలు కొన్ని మిగిలాయి. ఎవరికీ అక్కర్లేని ఆకారాలు, ఏ పేరూ ముద్ర లేనివి. పేరున్న పాత తయారీదారు ముద్ర ఉంటే వాటి అడుగు ముట్టుకోకూడదు, అంతవరకు ఒప్పుకుంటాను. ఇవి అలాంటివి కావు. కర్ర ఎండి ఎండి ఇక వంకర తిరగని స్థితికి వచ్చింది. బ్లేడు ఉక్కు మంచిది, చీల బిగువుగా ఉంది. అడుగు కొత్త ఆకారానికి చెక్కి, దానికి సరిపోయేలా బ్లేడు మొన సానబడితే కొత్త చిత్రికే. ఒకదాని మీద మా మెట్ల కటకటాల చేతిపట్టీ అంచు వంపు పెన్సిల్‌తో గీసి పెట్టాను. ఆ పట్టీకి రెండు చోట్ల అతుకు వేయాల్సి ఉంది, ఆ వంపుకి తగిన కట్టర్ నాకు ఎక్కడా కనబడలేదు. బ్లేడు మెత్తబరచకుండానే సానరాయి మీద ఆకారం తేవచ్చో లేదో రేపు చూడాలి. అరిగించాల్సింది కొంచెమే, కాబట్టి కుదురుతుందనే అనుకుంటున్నాను.