లీషు చివర నేను

విజయనగరంలో ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) కానిస్టేబుల్‌గా ఉన్నప్పుడు డాగ్ స్క్వాడ్‌కి కుక్కని చూసుకుంటూ నడిపించే హ్యాండ్లర్ కావాలంటే నేనే వెళ్లి పేరిచ్చాను. చిన్నప్పటి నుంచి ఇంట్లో కుక్కలున్నాయి కాబట్టి కుక్కల సంగతి నాకు తెలుసనుకున్నాను. ట్రైనింగ్‌లో నాకు అప్పగించింది ఆడ డాబర్‌మన్ పిల్లని. పేరు టీనా.

మొదట్లో ట్రాకింగ్, అంటే వాసన పట్టి మనిషి వెళ్లిన దారి వెతకడం, ఊసే లేదు. తిండి పెట్టడం, ఒళ్లు దువ్వడం, కెన్నెల్ కడగడం అన్నీ నా చేత్తోనే జరగాలి. తర్వాత సిట్, స్టే, డౌన్. అవి ఏ పోలీసు కుక్కకైనా నేర్పేవే.

అసలు పని అడుగుల దగ్గర మొదలైంది. తెల్లవారుజామున, మంచు ఆరకముందే, గడ్డిలో చాప వేసినంత మేర తొక్కి అందులో ఉడికించిన చికెన్ ముక్కలు చల్లేవాణ్ణి. మనిషి తొక్కిన చోటే తిండి ఉంటుందని దానికి అర్థమయ్యాక, ఇరవై అడుగులు వరసగా నడిచి ప్రతి అడుగులో ఒక ముక్క. తర్వాత ఐదడుగులకొకటి. ఆ తర్వాత మలుపులు పెట్టాం. నడిచాక అరగంట ఆగి, గంట ఆగి వదిలేవాళ్లం. మనిషి నడిచిన దారిలో ఒంటి నుంచి రాలిన చర్మపు పొట్టు వాసన ఉంటుంది, కాలికింద నలిగిన గడ్డి వాసనా ఉంటుంది. ఎండ ముదిరితే రెండూ పలచబడతాయి. అందుకే మిట్టమధ్యాహ్నం ఫోన్ మోగితే నాకిప్పటికీ టెన్షనే.

కొన్ని నెలలయ్యాక, దారి ఎటో నాకు కూడా చెప్పకుండా వదిలారు. అప్పటిదాకా అడుగులు నావో, నేను చూస్తుండగా వేసినవో. ఆ రోజు మామిడి తోట దాటాక టీనా ఎడమ గట్టు మీదకి తిరిగింది. ఎదురుగా చక్కటి బాట ఉంటే గట్టెక్కి ఎవరు వెళ్తారు అనుకుని లీషు, అంటే దాన్ని పట్టుకునే తాడు, బిగించాను. అది ఒక్కసారి వెనక్కి తిరిగి నా మొహం చూసింది. తల పైకెత్తి నాతో వచ్చేసింది. అరగంట తిరిగినా ఏమీ లేదు. "దాని ముక్కు మీద నమ్మకం లేనోడివి దాన్నెందుకు తెచ్చావురా, నువ్వే వాసన చూసుకుంటూ పోవాల్సింది" అన్నారు మా ట్రైనర్. ఆ తిట్టు కంటే టీనా చూసిన చూపే నన్ను రాత్రంతా పడుకోనివ్వలేదు. నా మాట వినడం నేర్పింది నేనే. ఆ నేర్పిన దాంతోనే దాన్ని తప్పుదారి పట్టించాను.

అప్పటి నుంచి లీషుని రెండు వేళ్ల మధ్య పట్టుకోవడం నేర్చుకున్నాను. వాసన మీద ఉన్నంతసేపూ లాగుడు ఒకే తీరుగా ఉంటుంది. తప్పిందంటే తల లేస్తుంది, తాడు వదులవుతుంది. అప్పుడు నేను చేయాల్సింది కదలకుండా నిలబడటమే.

ట్రైనింగ్ ముగిసి జిల్లాకి వచ్చాక చీపురుపల్లి వైపు ఒక ఊళ్లో, మతిమరుపున్న ముసలమ్మ రాత్రి ఇంట్లోంచి వెళ్లిపోయిందన్నారు. ఆరింటికి చేరాం. అప్పటికే ఊరంతా వెతికి వాకిలంతా తొక్కేశారు. తలగడ కూడా నలుగురి చేతులు మారింది. మంచం కింద ఆవిడ చెప్పులు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. వాటినే కవరుతో ఎత్తి టీనాకి వాసన చూపించి, ఊరి బయట చుట్టూ తిప్పాను. చెరువు గట్టు దగ్గర ముక్కు నేలకి దించింది.

రెండు మళ్లు దాటాక గొర్రెల మంద నడిచిన చోట తల లేచింది. "అటు బస్సు రోడ్డు బాబూ, అటే ఎలిపోయుంటాది" అన్నాడు కొడుకు. నాకూ అలాగే అనిపించింది. కానీ కాళ్లు కదపలేదు. టీనా ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది. మూడోసారి రోడ్డుకి అడ్డంగా, జీడితోట వైపు తాడు బిగుసుకుంది.

ముసలమ్మ ఒక చెట్టు మొదట్లో కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. అరికాళ్ల నిండా ముళ్లు. టీనా ఎదురుగా వెళ్లి పడుకుంది. కొడుకు ఏడుస్తూ ఆవిడ కాళ్లు పట్టుకుంటే, ఆవిడ మాత్రం కుక్కనే చూస్తోంది.

"ఎవుల్ది బాబూ ఈ కుక్క? దీనికేటైనా ఎట్టినారా?"

జేబులో ఉన్న చికెన్ ముక్కలు ఆవిడ చేతిలోనే పెట్టాను.