ఐదు తరగతుల బడి నుంచి ఒక్క తరగతి గదికి

ఈ జూన్‌లో, గోదావరి పాయ నడుమ దీవిలా ఉండే లంక ఊరి బడి నుంచి రిలీవ్ అయి, ఏటిగట్టుకు ఇవతల రోడ్డు పక్కనున్న మోడల్ ప్రైమరీ స్కూల్లో చేరాను. చేరి రెండున్నర నెలలు కావస్తోంది. కనిపించిన ప్రతి ఉపాధ్యాయ మిత్రుడూ "ఇప్పుడు హాయిగా ఉందా మాస్టారూ?" అని అడుగుతున్నారు. హాయిగానే ఉందని చెబుతున్నాను. అది అబద్ధం కాదు గాని, చెప్పిన ప్రతిసారీ సగం మాట నోట్లోనే మిగిలిపోతోంది. ఆ మిగిలిన సగం ఇక్కడ రాసుకుంటున్నాను.

2017 బదిలీల్లో నేను ఆ లంకకు వెళ్లాను. ఒకే బడిలో ఎనిమిది విద్యా సంవత్సరాలు నిండిన ఉపాధ్యాయుడు తప్పనిసరిగా కదలాలన్నది 2025 బదిలీల నియమం కాబట్టి, వెళ్లాలా ఉండాలా అన్న ప్రశ్న నా ముందుకు రాలేదు. ఎక్కడికన్నదే మిగిలింది. సరైన రోడ్డు లేని ఊళ్లో పనిచేసిన వారికి, ముందుగా బడి ఎంచుకునే వీలిచ్చే పాయింట్లు ఎక్కువగా వస్తాయి. లంకలో పడవ దాటిన ఆ ఏళ్లే నన్ను లంకకు దూరంగా తీసుకుపోయే పాయింట్లుగా మారాయన్న సంగతి కౌన్సెలింగ్ రోజున తెర మీద ఖాళీల జాబితా చూస్తున్నప్పుడు గాని నాకు పూర్తిగా తట్టలేదు. నా వంతు వచ్చేసరికి నాకు అనువైన వాటిలో రెండు మిగిలాయి. ఒకటి గోదావరి వశిష్ఠ పాయలోనే ఉన్న మరో లంక బడి, రెండోది మా ఇంటికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ రోడ్డు బడి. ఇంట్లో అమ్మకు ఎనభై ఏళ్లు దాటాయి, వరద రోజుల్లో నేను అవతలి ఒడ్డున చిక్కుకుపోతే ఆమె రాత్రంతా అరుగు మీద కూర్చునే ఉంటుంది. నేను రోడ్డు బడి పేరు చెప్పాను. ఆ పేరు చెప్పడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు. ఎనిమిదేళ్ల బంధం గురించి ఇన్ని మాటలు చెప్పుకునే మనిషికి కాసేపైనా తటపటాయింపు ఉండాలి కదా అని ఇంటికి వస్తున్నంతసేపూ అనిపించింది.

లంక బడిలో ఇద్దరమే ఉపాధ్యాయులం. ఒకటి, రెండు తరగతులు మా సహోపాధ్యాయురాలివి, మూడు, నాలుగు, ఐదు నావి. మూడు తరగతులకూ ఒకటే గది, ఒకటే నల్లబల్ల. పొద్దున్నే సుద్దముక్కతో రెండు నిలువు గీతలు గీసి బల్లను మూడు భాగాలు చేసేవాణ్ని. ఎడమ వైపు మూడో తరగతి వారికి ఒత్తుల పదాలు, నడుమ నాలుగో తరగతికి గుణకారాలు, కుడి వైపు ఐదో తరగతికి భిన్నాలు. ఒక తరగతికి పాఠం చెబుతుంటే మిగిలిన రెండు తరగతులూ రాసుకుంటూ ఉండాలి. రాసుకుంటున్నట్టు కనిపించే పిల్లల చెవులు మాత్రం నా దగ్గరే ఉండేవి. అది తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఒక రోజు ఐదో తరగతి వారిని "మూడింట ఒక వంతు పెద్దదా, నాలుగింట ఒక వంతు పెద్దదా?" అని అడిగాను. అంకెను మాత్రమే చూసి నాలుగింట ఒక వంతే పెద్దదన్నారు. మూడో తరగతి వరుస చివర కూర్చున్న పిల్ల, తన పలక మీద నుంచి తల ఎత్తకుండానే, "ముగ్గురు పంచుకుంటేనే కదండీ ఎక్కువొచ్చేది" అంది. ఆ పిల్ల తల్లి కువైట్‌లో ఇంటి పనికి వెళ్లింది. మా కోనసీమలో ఇలా తల్లి గల్ఫ్‌లో, పిల్ల అమ్మమ్మ దగ్గర ఉండే ఇళ్లు చాలా ఉన్నాయి. శుక్రవారం తల్లికి పని కాస్త తెరిపి ఇచ్చేది కాబట్టి, మధ్యాహ్న భోజనం వేళకు ఆమె నా ఫోనుకే చేసేది. సిగ్నలు సరిగా అందేది గట్టు మీది వేపచెట్టు దగ్గరే. మా హాజరు యాప్‌లో ముఖం చూపించడానికీ ఆ చెట్టు దగ్గరకే పోవాలి. పిల్ల ఒక చేతిలో పల్లెం, మరో చేతిలో ఫోను పట్టుకుని ఆ చెట్టు కింద నిలబడి, ఆ వారం నేర్చుకున్నవన్నీ తల్లికి అప్పజెప్పేది. నేను వచ్చేసేటప్పటికి అది ఐదో తరగతిలో అడుగుపెట్టింది. వాళ్ల అమ్మమ్మ రేవు దాకా వచ్చి, "మీరెళ్లిపోతే శుక్రారం దీనమ్మకి నేనేం జెప్పేదండీ మాస్టారూ?" అని అడిగింది. ఫోను నంబరు మారదమ్మా అన్నాను. ఆమె అడిగింది నంబరు గురించి కాదని నాకు తెలుసు.

అయితే ఆ గదిని నేను బంగారం చేసి చెప్పకూడదు. మూడు తరగతులు ఒకేసారి నడిపే చోట చురుకైన పిల్ల పైతరగతి పాఠం పట్టుకుని ముందుకు పోతుంది, వెనుకబడినవాడు తన తరగతి పాఠం కూడా అందక అక్కడే ఆగిపోతాడు. కొబ్బరి దింపు కార్మికుడి కొడుకొకడు మూడేళ్లు నా ఎదుట కూర్చుని, ఒత్తులున్న వాక్యం తడుముకోకుండా చదవలేని స్థితిలోనే ఆరో తరగతికి వెళ్లిపోయాడు. వాడికి రోజుకో అరగంట విడిగా ఇవ్వగలిగి ఉంటే చదివేవాడు. ఆ అరగంటను నేను ఏ తరగతి నుంచి తీయాలో తెలియక తీయలేదు. వాడు ఇప్పటికీ రేవులో కనిపిస్తే సైకిలు దిగి నమస్కారం పెడతాడు, నాకు తల దించుకోవాలనిపిస్తుంది.

కొత్త బడిలో తరగతికొక ఉపాధ్యాయుడు ఉన్నాడు. నాకు మూడో తరగతి ఇచ్చారు. ముప్పై ఒక్కమంది పిల్లలు, నల్లబల్ల మొత్తం వాళ్లదే. మొదటి రోజు అలవాటు కొద్దీ సుద్దముక్కతో నిలువు గీత గీసి, ఎందుకు గీశానో గుర్తొచ్చి తుడిచేశాను. చేరిన వారంలో అందరి చేతా చదివించి చూస్తే, పదకొండు మందికి గుణింతాలు దాటి ముందుకు సాగడం లేదు. వాళ్లను ప్రార్థన అయిన వెంటనే నలభై నిమిషాలు నా బల్ల చుట్టూ కూర్చోబెట్టుకుంటున్నాను, ఆలోగా మిగతా పిల్లలు జంటలుగా చదువుకుంటారు. ఆగస్టు నెలాఖరుకు ఆ పదకొండు మందిలో ఐదుగురు చిన్న కథ సొంతంగా చదువుతున్నారు. లంకలో ఆ కుర్రవాడికి ఇవ్వలేకపోయింది ఇదే. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక తరగతిని రోజంతా నా చేతిలో పెట్టుకుని పని చేయడం ఇదే మొదటిసారి. ఆ సంతోషాన్ని దాచుకోవలసిన పని లేదు.

కానీ ఈ పిల్లలు ఏప్రిల్ దాటితే పక్క గదికి వెళ్లిపోతారు. లంకలో నా దగ్గర కూర్చున్న పిల్లను మూడేళ్లు చూసేవాణ్ని, అంతకు ముందు రెండేళ్లూ గోడకు అవతలి నుంచి దాని గొంతు వినేవాణ్ని. ఎవరి ఇంట్లో అరటి తోట మునిగింది, ఎవరి తండ్రి రావులపాలెం మార్కెట్‌కు గెలలు తోలి రాత్రి ఇంటికి రాలేదు, ఎవరు నిద్ర లేక పాఠంలో తూలుతున్నారు అన్నది అడగకుండానే తెలిసేది. ఇక్కడ పది నెలల్లో అంత తెలుసుకోగలనా అన్న బెంగ ఉంది. ఇక్కడి సహోపాధ్యాయులు మంచివారు. మూడు దాటి నాలుగుకు వెళ్లే పిల్లల గురించి కూర్చుని మాట్లాడుకుందామని అడిగాను, ఒప్పుకున్నారు.

లంక బడి గోడ మీద 2022 జూలై వరద మిగిల్చిన బురద గీత ఉండేది. భద్రాచలంలో గోదావరి 71 అడుగులు దాటిన ఏడాది అది. మా తరగతి గదిలో నీరు నా ఛాతీ ఎత్తున నిలిచి, బీరువా కింది అరలోని పుస్తకాలన్నీ ముద్దయిపోయాయి. తరువాత రంగులు వేయించినప్పుడు జానెడు మేర ఆ గీతను వదిలేయమని రంగులవాణ్ని అడిగాను. పిల్లలు ప్రతి జూన్‌లోనూ దాని పక్కన నిలబడి ఎత్తు చూసుకునేవారు. "వరద దాటాను మాస్టారండీ" అంటే ఎదిగానని అర్థం. చార్జి ఇచ్చే రోజున కొత్తగా వచ్చిన మాస్టారికి బీరువా తాళాలు, రిజిస్టర్లు, గిన్నెలు, గ్లాసులు లెక్కపెట్టి అప్పగించాను. ఆ గీత ఏ జాబితాలోనూ లేదు కాబట్టి చేత్తో చూపించాను. దానితోపాటు ఒక నోటుపుస్తకం ఇచ్చాను. అందులో పిల్లకు రెండు పేజీల చొప్పున, ఎవరు ఎక్కడ ఆగారో, ఎవరిని నలుగురిలో అడగకూడదో, ఎవరికి అప్పు తీసుకునే తీసివేత కొబ్బరికాయలతో చెబితేనే ఎక్కుతుందో రాశాను. మే నెల సెలవులు చాలావరకు దానికే సరిపోయాయి.

ఆగస్టు చివర్లో గోదావరి పెరిగింది. పొద్దున లేవగానే భద్రాచలం నీటిమట్టం ఎంతని ఫోనులో చూసుకోవడం నాకు ఎనిమిదేళ్ల అలవాటు. అక్కడ పెరిగిన నీరు మా పాయల్లోకి రావడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది కాబట్టి, ఆ అంకెను బట్టే మర్నాడు పడవ ఉంటుందో లేదో లెక్క వేసుకునేవాణ్ని. ఈసారి నాకు ఆ లెక్క అక్కర్లేదు. వేళకు బడికి చేరి, పొడి నేల మీద నడిచి తరగతిలోకి వెళ్లాను. ప్రార్థన గంటకు ముందు లంక బడి మాస్టారికి ఫోను చేసి, బీరువా కింది అర ఖాళీ చేసి పుస్తకాలు అటక మీదికి ఎక్కించమని, రికార్డులు మాత్రం పక్కింటి డాబా మీద పెట్టించమని చెప్పాను. "రాత్రే ఎక్కించానండీ, మీ నోటుపుస్తకంలో ఆఖరి పేజీలో రాశారు కదా" అన్నారాయన. తరువాత, ఆ కువైట్ పిల్ల భిన్నాల్లో హారాలు వేరుగా ఉంటే కలపడం దగ్గర తడబడుతోందని, దానికి ఎలా చెప్పేవారని అడిగారు. ముందు ముగ్గురికి పంచమని అడగండి, ఆ తరువాత నలుగురికి, అది తనంతట తానే పన్నెండు ముక్కల దగ్గరకు వస్తుంది, మీరు తొందరపడి చెప్పేయకండి అన్నాను. ఈలోగా ఇక్కడ గంట కొట్టారు. నా పదకొండు మందీ బల్ల చుట్టూ చేరి పుస్తకాలు తెరుస్తున్నారు.