పార్సర్ పరీక్షలు, రిఫరెన్స్ ఫైళ్లు, ఒక ఐత్వం

సరదాకు రాసుకున్న ఒక చిన్న లెక్కల భాషకు పైథాన్‌లో పార్సర్ (రాసినదాన్ని చదివి, దాని నిర్మాణాన్ని చెట్టు రూపంలో చూపే ప్రోగ్రాము) కడుతున్న కొత్తలో, ఏ మార్పు చేసినా నాలుగైదు ఎక్స్‌ప్రెషన్లు టైపు చేసి, తెరపై వచ్చిన చెట్టును కంటితోనే సరిచూసుకునేవాణ్ణి. ఉదాహరణలు నలభై దాటేసరికి ఆ ఓపిక నశించింది. ఇప్పుడు ప్రతి ఉదాహరణకూ రెండు ఫైళ్లు ఉన్నాయి: పార్సర్ చదవవలసిన పాఠం ఒకటి, రావలసిన చెట్టు ఉన్న రిఫరెన్స్ ఫైలు ఒకటి. పది పంక్తుల షెల్ స్క్రిప్టు ఒక్కో పాఠాన్నీ పార్సర్‌కు ఇచ్చి, వచ్చిన అవుట్‌పుట్‌నూ రిఫరెన్స్ ఫైలునూ, రెండు ఫైళ్లను పంక్తులవారీగా పోల్చే డిఫ్ అనే కమాండుకు అప్పగిస్తుంది. రెండూ ఒకటే అయితే డిఫ్ 0 అనే ముగింపు సంఖ్యతోనూ, తేడా ఉంటే 1తోనూ, ఫైలే దొరకని పక్షంలో 2తోనూ ముగుస్తుంది కనుక స్క్రిప్టుకు వేరే తెలివితేటలు అక్కరలేదు. తప్పుడు సింటాక్స్‌కు రావలసిన ఎర్రర్ సందేశాలనూ ఇలాగే దాచాను. నిజానికి నన్ను ఎక్కువసార్లు ఆదుకున్నవి అవే.

రిఫరెన్స్ ఫైళ్లను చేత్తో రాయడానికి బద్ధకించి, పార్సర్ ఇచ్చినదాన్నే భద్రపరచడం మాత్రం నా పొరపాటు. 10 - 4 - 3 అన్నదానికి 3 రావాలి. నా పార్సర్ దాన్ని కుడివైపు నుంచి కలిపి 10 - (4 - 3)గా చెట్టు కట్టగా, రిఫరెన్స్ ఫైలులోనూ ఆ చెట్టే చేరింది. పరీక్షలన్నీ నెగ్గుతున్నాయి, జవాబేమో 9 వస్తోంది. నిన్నటికీ నేటికీ తేడా ఉందో లేదో డిఫ్ చెప్పగలదు గాని, నిన్నటిది సరైనదో కాదో దానికేం తెలుస్తుంది? అందుకే రిఫరెన్స్ ఫైళ్లన్నిటినీ ఒక్కసారిగా తిరగరాసే ఆప్షన్ పెట్టుకున్నా, ప్రతి తేడానూ పంక్తి పంక్తిగా చదవనిదే కమిట్ చేయడం (మార్పును ఖరారుగా భద్రపరచడం) లేదు.

అవుట్‌పుట్ నిలకడగా ఉండటం మరో షరతు. పైథాన్ సెట్ (వరుస నియమం లేని సమూహం)లోని స్ట్రింగుల (అక్షర పాఠాల) వరుస నడిపిన ప్రతిసారీ మారవచ్చు కనుక, వాటిని ముద్రించే ముందు సార్ట్ చేస్తున్నాను.

అన్నిటికంటే నన్ను తికమక పెట్టింది తెలుగే. ‘పైకం = 5’ అన్న పంక్తిని మరో ఫైలు నుంచి తెచ్చి అతికించగానే పరీక్ష విఫలమైంది. డిఫ్ చూపిన రెండు పంక్తుల్లోనూ పైకం పైకంలాగే ఉంది. అవుట్‌పుట్‌లో నమోదయ్యే సమానం గుర్తు స్థానం (పంక్తిలో అది ఎన్నో సంకేతమో) మాత్రం ఒకదానిలో 6, మరొకదానిలో 7. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వానికి మరో గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. రెండూ ఒకే వేరియబుల్ కావాలి కనుక, పేరు చదవగానే దాన్ని ఎన్ఎఫ్‌సీ రూపంలోకి, అంటే ఇలాంటి జంటలను ఒకే సంకేతంగా కలిపే యూనికోడ్ ప్రామాణిక రూపంలోకి, మార్చేలా చేశాను. స్థానాన్ని మాత్రం మూలపాఠంలో ఉన్నట్టే లెక్కిస్తున్నందున, 7 అని రాసి ఉన్న రిఫరెన్స్ ఫైలు కూడా ఫోల్డరులో విడిగా ఉంది.