నాన్న నోట్‌బుక్

“సార్, ఇది కమలకట్టా, కవిలకట్టా?” అని అడిగింది డీటీపీ చేసే అమ్మాయి.

నాన్న నోట్‌బుక్‌లో పదకొండో పేజీ. ఎప్పుడో తడిసి సిరా పాకిపోయింది. “కవిలకట్ట అమ్మా, కరణాల లెక్కల కట్ట” అన్నాను. అంతే, గొంతు పట్టేసింది. తాతయ్య దాన్ని చంకలో పెట్టుకుని గట్టు మీద నడిచి వెళ్లడం నాన్న అక్కడే రాశారు.

అప్పటి నుంచి వెన్నెలకంటి సుబ్బారావు గారే గుర్తొస్తున్నారు. మద్రాసు సదర్ కోర్టులో అనువాదకుడు. తన జీవితకథ ఇంగ్లీషులో రాసుకుని 1839లో పోయారు, అచ్చులో చూసుకోలేదు. 1873లో కొడుకు వేయించారు. వీరేశలింగం గారి ‘స్వీయ చరిత్రము’ రావడం ఇంకా ఎన్నో ఏళ్ల తర్వాతి మాట.

34 ఏళ్లు! చెదలు, వానలు, ఇళ్లు మారడాలు. అన్నిటి మధ్యా ఆ కాగితాలు మిగిలాయంటే ఇంట్లో ఎవరో వాటిని బిడ్డలా చూసుకునే ఉంటారు. మా ఇంట్లో ఆ పని అమ్మ చేసింది, పట్టుచీరల మధ్య పెట్టి.

నాన్న పోయి ఆరేళ్లు. వంద కాపీలు వేయిస్తున్నాను, చుట్టాలకూ ఊళ్లోవాళ్లకూ. రేపు రెండో ప్రూఫ్ వస్తుంది. మొదటి కాపీ అమ్మ చేతికే.